కిందికి రాయి, పైకి మన్ను

నిన్న మధ్యాహ్నం డాబా మీద నేను పెట్టిన కేకలకు పక్కింటివాళ్ళు కూడా బయటికొచ్చి చూశారట. ఈ వయసులో అంత గొంతు ఎక్కడినుంచి వచ్చింది అమ్మమ్మా అని మనవరాలు ఇంకా నవ్వుతూనే ఉంది. నవ్వుకోనీ.

జరిగింది ఇంతే. ఆ పిల్ల పూలకుండీలకని మట్టి కొనుక్కొచ్చింది. మట్టిని సంచుల్లో కట్టి అమ్మే కాలం కూడా చూశాను. అందులో బొగ్గుపొడి కలిపారట, మొక్కలకు మంచిదట. కుండీలు నింపి ఇలా దిగిందో లేదో వాన దంచికొట్టింది. కుండీల్లోంచి నల్లనీళ్ళు పొంగి, డాబా మీద పరిచిన నాపరాళ్ళ మీదుగా పారాయి. వాన వెలిశాక అది చీపురు పట్టుకుని ఆ బురదనంతా తూములోకి తోస్తోంది. తడిసిన బొగ్గు వాసన, తడిసిన మన్ను వాసన కలిసి ఒక్కసారిగా నా ముక్కుకు తగిలాయి. "ఏమే, ఆపు! మన్ను పోతంటే చూస్తన్నావేందే!" అని అరిచాను. చీపురు లాక్కున్నాను కూడా. తరవాత నాకే సిగ్గేసింది. 

ఎందుకరిచానో దానికి చెప్పలేదు. ఇక్కడ చెబుతాను.

మా ఊరు మాచర్లకూ గురజాలకూ మధ్య. పేరెందుకు, ఇప్పుడు ఆ ఊళ్ళో నన్ను ఎరిగినవాళ్ళు లేరు. ఊరికి పడమట ఒక గుట్ట, గుట్ట వాలులో చెట్లు, చెట్ల దిగువన మా మెరక చేను, చేను కింద వాగు. ఆ వాగు పోయి ఏట్లో, ఏరు పోయి కృష్ణలో కలుస్తాయి. పల్నాట్లో చాలా చోట్ల ఉన్నట్టే మా చేనులోనూ అడుగున నాపరాయి, దాని మీద మూరెడు మన్ను. ఆ మూరెడులోనే జొన్న, కంది, గట్ల వెంట ఆముదాలు. మా ఇంట్లో నలుగురికి ఏడాది తిండి ఆ చేనే. నల్లరేగడి మాగాణులున్న వాళ్ళకు ఈ మూరెడు గొడవ అర్థం కాదు.

ఆ మన్నును నిలబెట్టింది మా నాయనమ్మ. తాత పోయేనాటికి ఆ చేను సగం బండట. అన్నదమ్ములు మంచి నేల తీసుకుని, నోరులేని వాడని తాతకు ఇది పడేశారు. నాయనమ్మకు నోరుంది కానీ అప్పటికి కోడలు. చేనులో దొరికిన రాళ్ళన్నీ ఏరి, దిగువ అంచున నడుం ఎత్తు కట్ట పేర్చింది. సున్నం లేదు, మట్టి లేదు, రాయి మీద రాయి. వానకు జారిన మన్ను ఆ కట్ట వెనక మేట వేసేది. రోహిణి కార్తె రాగానే ఆ మేట తవ్వి, తట్టలకెత్తి, మళ్ళీ చేను పైకొసకు మోసుకెళ్ళి చల్లేవాళ్ళం. దాన్ని మన్నెత్తే రోజనేవాళ్ళం. ఒక రోజని పేరే కానీ వారం పట్టేది.

ఆ వారం నాయనమ్మ రాజ్యం. మొదటి తట్టకు పసుపు, కుంకుమ. చెప్పులతో ఎవరూ చేను దిగకూడదు. అన్నిటికన్నా పెద్ద నియమం, ఖాళీ తట్టతో నడవకూడదు. దిగేటప్పుడు చేనులో రాయి ఒకటి ఏరుకుని కట్టకు చేర్చాలి, ఎక్కేటప్పుడు మన్ను తేవాలి. "కిందికి రాయి, పైకి మన్ను" అని నడుం మీద చెయ్యేసుకుని అరుస్తుండేది. నేను చిన్నపిల్లనని తప్పించుకోబోతే నా నెత్తిన చాటంత బుట్ట పెట్టేది. మధ్యాహ్నం జొన్నరొట్టె మీద ఉల్లికారం, చింతచిగురు పప్పు, ముంతలో పుల్లటి మజ్జిగ. మెడ నొప్పి పుట్టినా ఆ పప్పు కోసం పోయేదాన్ని.

నాకు తొమ్మిదో పదో ఏళ్ళున్నప్పుడు ఎక్కడో యుద్ధం. ఎక్కడో మాకు తెలియదు. తెలిసిందల్లా కిరసనాయిలు దొరకదు, బట్ట దొరకదు, బస్సుకు పెట్రోలు దొరకదు. నరసరావుపేట నుంచి మాచర్ల పోయే బస్సు కొన్నాళ్ళు ఆగిపోయింది. ఉన్నట్టుండి ఒకరోజు వెనక ఇనప పీపా కట్టుకుని, పొగ కక్కుకుంటూ వచ్చింది. ఆ పీపాలో బొగ్గులు పోసి రాజేసి, పక్కనున్న చక్రం తిప్పితే గాలి కొట్టి, ఆ గ్యాసుతో ఇంజను నడిచేదట. ఎత్తు వస్తే జనం దిగి తోసేవాళ్ళు. దిగిన ప్రతివాడి ముక్కు నల్లగా ఉండేది. పిల్లలం దాని వెనక పరిగెత్తేవాళ్ళం. క్లీనరు కుర్రాడు చక్రం తిప్పుతుంటే గొయ్యిమని లేచే శబ్దం నాకు ఒంటి నిండా పాకేది. ఆ చక్రం ఒక్కసారి తిప్పాలి, అంతే. ఆ ఏడాది నాకు వేరే కోరిక లేదు.

మా నాన్నకు ఆ బస్సు పిచ్చి నాకన్నా ఎక్కువ. సేద్యం ఆయనకు ఎప్పుడూ ఒంటబట్టలేదు. బస్సు కామందు నాన్నను మా ఊరి ఏజెంటుగా పెట్టుకుంటానన్నాడు. రోడ్డు పక్కన బల్ల, కాకీ చొక్కా, టిక్కెట్ల పుస్తకం. అందుకు బదులుగా ఏమడిగాడో ఒక సాయంత్రం పొయ్యి దగ్గర తెలిసింది.

"గుట్టవాలు చెట్లు బొగ్గుకిస్తానని మాటిచ్చొచ్చానమ్మా" అన్నాడు నాన్న.

నాయనమ్మ రొట్టె తడుతోంది. చెయ్యి ఆపలేదు. "ఎవరి చెట్లురా?"

"మనయ్యే. మన పట్టాలోయేగా."

"పట్టాలో కాయితముంటది. చెట్లు వాలులో ఉండయ్యి. అయ్యి అక్కడుండబట్టే వాన నీళ్ళు నిమ్మళంగా దిగుతుండయ్యి. కొట్టావంటే గుట్ట మీద నీళ్ళన్నీ మన చేను మీద పడతయ్యి."

"మళ్ళీ చిగురిస్తయ్యి లేమ్మా. యుద్ధం అయిపోతే పెట్రోలొచ్చిద్ది. అప్పటిదాకానేగా."

"అప్పటిదాకా వాన ఆగుద్దా?"

నాన్నకు కోపం వచ్చింది. "బస్సు లేకపోతే రేపు చెల్లి కాన్పుకి క్రోసూరు ఎట్టా పోతావు? ఎడ్లబండి మీదా? రెండు రోజులు పట్టుద్ది. పోయినసారి పురుడు ఏమైందో మర్చిపోయావా?"

నాయనమ్మ చెయ్యి అప్పుడు ఆగింది. పోయినసారి అత్తకు బిడ్డ దక్కలేదు. నాయనమ్మ వెళ్ళేసరికే అంతా అయిపోయింది. పెనం మీద రొట్టె మాడి వాసనొస్తున్నా ఎవరూ తియ్యలేదు. చివరికి అమ్మ వచ్చి తీసింది.

"కొడితే కొట్టు" అంది నాయనమ్మ. "మొదళ్ళు మాత్రం ముట్టుకోవద్దు. మొదళ్ళుంటే మళ్ళీ లేస్తయ్యి."

బొగ్గు కాల్చడానికి మాచర్ల నుంచి ఒక సాయిబు వచ్చాడు. మనిషి సన్నం, గడ్డం నెరిసింది, గోళ్ళ కింద నలుపు ఎంత తోమినా పోదు. నేను సాయిబు మామ అనేదాన్ని. ఆయన కూడా మొదళ్ళు వదిలేద్దామనే అన్నాడు. చెట్టును పైన కొడితే అయిదేళ్ళకు మళ్ళీ తన కొడుకు వచ్చి కాల్చుకోవచ్చని ఆయన లెక్క. కామందు ఒప్పుకోలేదు. మొదళ్ళ బొగ్గు గట్టిది, పీపాలో ఎక్కువసేపు నిలుస్తుంది, అవీ తవ్వమన్నాడు. నాన్న అప్పటికే కాకీ చొక్కా తొడుక్కున్నాడు. కాదనలేదు. అదే వారం అత్తకు నెలలు నిండాయని కబురొస్తే నాయనమ్మ బస్సెక్కి వెళ్ళింది. ఆమె వెళ్ళిన మర్నాడు గడ్డపారలు దిగాయి. చండ్ర, తుమ్మ, నల్లమద్ది వేళ్ళతో సహా లేచిపోయాయి. వాలంతా గుంటలు పడి, మన్ను కదిలి వదులుగా అయిపోయింది.

నాకు మాత్రం తిరనాళ్ళే. బడి లేదు, నాయనమ్మ లేదు. రోజంతా బట్టీల దగ్గరే. కట్టెలు గుండ్రంగా పేర్చి, పైన ఆకులు కప్పి, ఆ పైన మన్ను మెత్తి, నడిమధ్య నిప్పు వేసేవాడు సాయిబు మామ. తెల్లటి పొగ దట్టంగా వచ్చినన్నాళ్ళూ కట్టె పచ్చి. పొగ పలచబడి నీలంగా మారితే బొగ్గు అయినట్టు. ఆ వేడి బూడిదలో ఉల్లిగడ్డలు కాల్చి, ఉప్పద్ది ఇచ్చేవాడు. పాలపళ్ళు కోసుకొచ్చి ఆయనకు పెట్టేదాన్ని. బొగ్గుముక్కతో కరణంగారి గోడ మీద మీసాల మొహం గీసి, అది సాయిబు పనివాళ్ళ మీదికి నెట్టాను కూడా. ఆ నెట్టడం అంత తేలిగ్గా ఎలా వచ్చిందో ఆలోచిస్తే ఇప్పటికీ నామీద నాకు మంట.

ఒకరోజు పొద్దున్నే వెళ్ళేసరికి సాయిబు మామ మొహం పాలిపోయి ఉంది. ఒక బట్టీ పగిలి గాలి చొరబడి మంట లేచిందట. బొగ్గు కావలసింది బూడిద అయింది. రెండో బట్టీ కూడా బీటలిస్తోంది. గుట్ట మన్ను అంతా గులకరాళ్ళు, ఎంత మెత్తినా రాలిపోతోంది.

"ఇది కూడా పోతే కామందు నన్ను ఉండనియ్యడు బేటీ" అన్నాడు. "మెత్తటి మన్ను కావాల. ఈ రాళ్ళలో యాడ తెచ్చేది?"

నాకు తెలుసు. ఆ ఊళ్ళో అందరికన్నా నాకే బాగా తెలుసు.

"చెబితే బస్సు చక్రం తిప్పనిస్తావా?" అన్నాను.

ఆయన అంత బాధలోనూ నవ్వాడు. "క్లీనరు మా చెల్లెలి కొడుకే. తిప్పిస్తాలే."

చెయ్యి పట్టుకుని కట్ట దగ్గరికి తీసుకెళ్ళాను. ఏడాదంతా జారి పేరుకున్న మేట, జల్లించిన పిండిలా ఉంది. ఆయన పిడికిట్లోకి తీసుకుని నలిపి చూశాడు. మొహం వెలిగింది, వెంటనే ముడుచుకుంది. "ఇది పెద్దమ్మ దాచుకున్న మన్ను గదా? మీ నాయన్ని అడగాల."

"నాన్నే తీసుకోమన్నాడు" అన్నాను.

ఎందుకన్నాను? చక్రం కోసం. అంతకు మించి కారణం వెతికినా దొరకదు.

ఆయన నమ్మాడు. మధ్యాహ్నానికి బండి వచ్చింది. బండి చేనులోకి రావాలంటే కట్ట అడ్డం. రాళ్ళు తీసి పక్కన పెట్టి, బండి పట్టేంత గండి చేశారు. పొద్దుగూకేలోగా మేట సగం గుట్టెక్కి బట్టీల మీద పరుచుకుంది. నాన్న రోడ్డు మీద నుంచి వచ్చి ఆ గండి చూసి అక్కడే నిలబడిపోయాడు.

"నువ్వే తీసుకోమన్నావంట గదయ్యా, బిడ్డ చెప్పింది" అన్నాడు సాయిబు మామ.

నాన్న నా వైపు చూశాడు. నేను నేలకేసి చూశాను. నాన్న చెవి తమ్మె పట్టుకుని కాసేపు నలిపి, "ఆఁ, నేనే అన్నా" అన్నాడు. "అమ్మ వచ్చేలోపు గండి పూడ్చాల. మర్చిపోబాక."

పూడ్చలేదు. మూడో బట్టీ, నాలుగో బట్టీ, ఇంకా మన్ను కావాలి, ఇంకా బండి రావాలి. రేపు, ఎల్లుండి అనుకుంటూ రోజులు జరిగాయి. రోహిణి వచ్చింది. ఎండ మాడుస్తోంది. నేను రోజూ మూడుసార్లు గుట్ట వెనక ఆకాశం చూసేదాన్ని. తెల్లటి మబ్బు కనబడినా నాకు అన్నం దిగేది కాదు. అమ్మ దిష్టి తీసింది.

మాట తప్పని మనిషి సాయిబు మామ. ఒక మధ్యాహ్నం బస్సు మా ఊళ్ళో ఆగినప్పుడు క్లీనరుకు చెప్పి నన్ను పీపా దగ్గర నిలబెట్టాడు. రెండు చేతులతో పిడి పట్టుకుని తిప్పాను. గొయ్యిమంది. పీపాలోంచి వేడి మొహానికి కొట్టింది. ఊళ్ళో పిల్లలంతా నోళ్ళు తెరిచి చూస్తున్నారు. అప్పుడే బస్సులోంచి మూటతో నాయనమ్మ దిగింది.

మొహం నిండా సంతోషం. అత్తకు మగపిల్లాడు, తల్లీబిడ్డా క్షేమం. నన్ను చూసి నవ్వి, ఎప్పుడు ఊరు నుంచి వచ్చినా మొదట అడిగే మాటే అడిగింది.

"ఏమే, కట్ట బాగుందా?"

నేను పిడి వదిలేశాను. గాలి ఉన్నపళంగా ఆగిపోయింది. నాయనమ్మ నల్లబడ్డ నా చేతులు చూసింది, బల్ల దగ్గర నిలబడ్డ నాన్నను చూసింది, తలెత్తి గుట్టను చూసింది. చెట్లు లేని ఆ వాలు వెనకనుంచి మబ్బు లేస్తోంది. ఆమె ఇంటికి పోలేదు. మూట చంకన పెట్టుకునే చేను దారి పట్టింది. నేను వెనక పరిగెత్తాను. మా ఇద్దరి వెనకా గడ్డపారతో నాన్న.

గండి దగ్గర ఆగింది. "ఎవరు తీపిచ్చారిది?"

నాన్న చెవి తమ్మె పట్టుకున్నాడు. "నేనేనమ్మా."

తిట్టడానికి టైము లేదు. మొదటి చినుకులు గోలీకాయలంత పడ్డాయి. పక్కన పెట్టిన రాళ్ళు ఎత్తి గండిలో వెయ్యడం మొదలుపెట్టాం. అమ్మ వచ్చింది. బట్టీలు వదిలేసి సాయిబు మామ, ఆయన పనివాళ్ళు ఇద్దరు దిగి వచ్చారు. పేర్చడానికి తీరిక లేదు, విసిరెయ్యడమే. కొద్దిసేపటికే పైనుంచి నీళ్ళొచ్చాయి. ముందు ఎర్రగా, తరవాత పచ్చగా, ఆ తరవాత నల్లగా. వాలులో తవ్విన గుంటలన్నీ నిండి ఒకదాన్లోంచి ఒకటి తెగుతున్నాయి. పైన బట్టీలు విరిగి నిప్పుల మీద నీళ్ళు పడి బుస్సుమన్న చప్పుడు. సాయిబు మామ ఒక్కసారి తల తిప్పి చూశాడు. నెల రోజుల కష్టం ఆవిరై లేస్తోంది. మళ్ళీ వంగి రాయి ఎత్తాడు.

రాళ్ళ సందుల్లోంచి నీళ్ళు చిమ్ముతున్నాయి. నాయనమ్మ మూట విప్పింది. అత్త పెట్టిన కొత్త చీర తీసి సందుల్లో కుక్కింది. పాత చీర కుక్కింది. దుప్పటి కుక్కింది. ఇక ఏమీ లేక కట్టకు వీపు ఆనించి గండిలో కూర్చుంది. నేనూ పోయి పక్కన కూర్చున్నాను. నీళ్ళు నా రొమ్ము దాకా వచ్చాయి. వీపు వెనక రాళ్ళు కదులుతున్నట్టు తెలుస్తోంది.

"లేమ్మా! కట్ట జారుతోంది!" అని నాన్న అరిచాడు.

"పిల్లని తీస్కపో. నేను రాను."

నాన్న నన్ను అమ్మ చేతిలోకి విసిరేసి, నాయనమ్మ రెండు రెట్టలూ పట్టుకుని లాగాడు. ఆమె కొట్టింది, కరిచింది. సాయిబు మామ "పెద్దమ్మా, మన్ను మళ్ళీ తెచ్చుకుందాం, లే" అంటూ కాళ్ళు పట్టుకున్నాడు. ఆమెను పక్కకు లాగారో లేదో గండే కాదు, దానికి అటూ ఇటూ కట్ట కూడా పెళపెళమని కూలి వాగులోకి దొర్లింది. చేను ఆ దారిన నడిచి వెళ్ళిపోయింది. మా కళ్ళముందే.

మర్నాడు ఎండ కాసింది. నాపరాయి కడిగిన అరుగులా తెల్లగా మెరుస్తోంది.

ఆ ఏడు జొన్నలు కొనుక్కుని తిన్నాం, చాలనప్పుడు గంజి తాగాం. సాయిబు మామకు కామందు మళ్ళీ పనివ్వలేదు. నాయనమ్మ నాన్నతో మాట్లాడటం మానేసింది. "మీ నాన్నను బువ్వకి రమ్మనవే" అని నాతో చెప్పించేది. నాన్న పక్కనే ఉన్నా సరే. ఆ మాట మోసిన ప్రతిసారీ నాకు నోరు చేదయ్యేది. చలికాలం దాకా మోశాను. ఒక మధ్యాహ్నం ఆమె కందులు విసురుతుంటే ఎదురుగా కూర్చుని చెప్పేశాను. మన్ను చూపించింది నేనేనని, నాన్న చెప్పాడని అబద్ధమాడింది నేనేనని.

తిరగలి ఆగలేదు. "తెలుసు" అంది.

"ఎట్టా?"

"వాడు అబద్ధమాడితే చెవి పట్టుకుంటాడు. పుట్టినప్పట్నుంచీ అంతే."

నాకు ఏడుపొచ్చింది. "మరి నాన్నతో ఎందుకు మాట్టాడవు?"

అప్పుడు తిరగలి ఆపింది. "మన్ను నువ్వు చూపిచ్చావు, సరే. మొదళ్ళతో సహా చెట్లు పీకిచ్చింది ఎవరు? అవి ఉంటే, గండి ఉన్నా ఇంత నీళ్ళొచ్చేయా? దాని గురించి వాడు చెవి పట్టుకోలా, అది నిజంగా వాడి పనే." కొంగుతో నా మొహం తుడిచింది. "ఇక నుంచి మొదటి తట్ట నీదే. పెద్ద తట్ట."

మరుసటి రోహిణికి ఎత్తడానికి మేట లేదు. వాగులో ఇసుక కింద దొరికిన ఒండ్రు తవ్వి మోశాం. అందరికన్నా ముందు నేను. మూడో రోజున వెనక్కి తిరిగి చూస్తే, కాకీ చొక్కా విప్పేసి నాన్న తట్టతో వస్తున్నాడు. బండ మీద మన్ను పోసి నిలబడ్డాడు. నాయనమ్మ చూసి, "గట్టిగా తొక్కరా, నిలబడదు" అంది. ఏడాదిలో కొడుకుతో ఆమె అన్న మొదటి మాట అదే. నాన్న పిల్లాడిలా తొక్కాడు.

నాలుగేళ్ళు మోశాం. నాలుగు మంచాలు పట్టేంత చేను అయింది. అంతకు మించి కాలేదు. పైన చెట్లు లేవు, పెట్టిందాంట్లో సగం ప్రతి వానకూ పోయేది. ఈలోగా యుద్ధం అయిపోయింది, పెట్రోలు వచ్చింది, బస్సు పీపా ఊడదీసి రోడ్డు పక్కన పడేస్తే అందులో కోళ్ళు గుడ్లు పెట్టాయి. నాయనమ్మ పోయాక బండ కోసం మనుషులొచ్చారు. మన్ను తీసే పని కూడా లేకుండా సిద్ధంగా ఉంది మరి. పలకలు పలకలుగా కోసి, లారీల్లో వేసుకుని పట్నాలకు తీసుకుపోయారు. సాయిబు మామ కొడుకు ఆ రాళ్ళు కొట్టే పనిలోనే చేరాడు.

ఈ నరసరావుపేట డాబా మీది రాళ్ళు ఎక్కడివో నాకు తెలియదు. అడగలేదు, అడగను.

నిన్న చీపురు లాక్కున్నాక, మోకాళ్ళ నొప్పుల్తోనే కూర్చుని, తూము దగ్గర ఆగిన నల్లమన్నును చేత్తో దగ్గరకు తీశాను. మనవరాలు ముందు నవ్వింది, తరవాత ఏమనుకుందో తనూ కూర్చుంది. ఒక గిన్నెడు అయింది. అది గిన్నె తీసుకుని కుండీ దగ్గరికి నడిచి, పోసి, వట్టి గిన్నె ఊపుకుంటూ వెనక్కి వస్తోంది.

"ఖాళీగా వస్తన్నావేందే" అన్నాను. నా గొంతు నాకే నాయనమ్మ గొంతులా వినిపించింది. "ఆ కుండీ పక్కన రాయి ఉంది చూడు. తీసుకొచ్చి తూము దగ్గర పెట్టు."

పెట్టింది.